మనతో బదిలీ అయ్యే కంప్యూటర్

పిల్లలూ, ఈసారి మన తెలుగు పాఠం ఒక యంత్రం గురించి. దుకాణంలో రెడీమేడ్‌గా దొరికే యంత్రం కాదు. ఒక్కొక్క భాగాన్ని ఎంచుకుని, మనమే ఒక చోట కూర్చుకునే గేమింగ్ కంప్యూటర్. ఎనిమిదో తరగతి దాటిన చాలామంది నోట ఇప్పుడు ఈ మాటే వినిపిస్తోంది. భోజన విరామంలో చెట్టు కింద జరిగే చర్చల్లో గ్రాఫిక్స్ కార్డుల పేర్లు క్రికెటర్ల పేర్లంత సులువుగా దొర్లుతున్నాయి.

ఈ విషయంలో మన ఇళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకే ఊళ్లో స్థిరంగా ఉండే కుటుంబం కంప్యూటర్ కొంటే అది ఒక గదిలో, ఒక బల్ల మీద, ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది. మన ఇళ్లలో అలా కుదరదు. మూడు నాలుగేళ్లకోసారి సామాను లారీ ఎక్కుతుంది. జోధ్‌పుర్ దుమ్ములో మొదలైన కంప్యూటర్ విశాఖపట్నం ఉప్పుగాలిలోకి రావచ్చు, అక్కడి నుంచి లేహ్ చలికి పోవచ్చు. పైగా ఊరు మారినప్పుడు స్నేహితులు అక్కడే ఉండిపోతారు. సాయంత్రం వాళ్లతో కలిసి ఆడుకోవడానికి మనకు మిగిలే మైదానం చాలాసార్లు ఆ తెర ఒక్కటే. ఆ యంత్రం మొదటి బదిలీలోనే పాడైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

అందుకే మనం భాగాలు ఎంచుకునేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే అడిగితే చాలదు. "ఎంత వేగం?" అని అడిగిన వెంటనే "రేపు వేరే ఊళ్లో ఇది పాడైతే ఈ ఒక్క భాగాన్నీ మార్చుకోగలమా?" అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్నే మన పాఠానికి ఆయువుపట్టు.

ముందు తెర, తర్వాతే కార్డు

చాలామంది గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెడతారు. మనం తెరతో మొదలుపెడదాం. ఎందుకంటే కంప్యూటర్ ఎంత పని చేయాలో నిర్ణయించేది తెరే.

తెర మీద బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఆ చుక్కనే పిక్సెల్ అంటాం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600. దానికంటే ఒక మెట్టు పైన ఉండే 2560 × 1440 తెరలో 36,86,400 చుక్కలు. 4కే తెరలో 82,94,400, అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. తెర ఒక మెట్టు ఎక్కితే కార్డు చేయాల్సిన పని దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అవుతుందన్నమాట.

ఇక రెండో సంఖ్య హెర్ట్జ్. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. 144 హెర్ట్జ్ తెర 144 సార్లు. అంటే 60 బొమ్మలు వేయాలంటే ఒక్కో బొమ్మకు కంప్యూటర్ దగ్గర దాదాపు 16.7 మిల్లీసెకన్ల సమయం ఉంటుంది. 144 వేయాలంటే 6.9 మిల్లీసెకన్లే.

మధ్యస్థ బడ్జెట్‌కు ఫుల్ హెచ్‌డీ, 24 అంగుళాలు, 144 హెర్ట్జ్ లేదా ఆ దరిదాపుల్లోని తెర చక్కగా సరిపోతుంది. ఈ నిర్ణయం ముందే తీసుకుంటే కార్డు మీద అనవసరంగా పెట్టే ఖర్చు తగ్గుతుంది. 60 హెర్ట్జ్ తెర పెట్టుకుని సెకనుకు 200 బొమ్మలు వేసే కార్డు కొంటే మిగతా బొమ్మలు మన కంటికి చేరవు. డబ్బు మాత్రం జేబులోంచి పోతుంది.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు: జోడెడ్ల బండి

ఆటలో ప్రాసెసర్ ఏం చేస్తుంది? గ్రాఫిక్స్ కార్డు ఏం చేస్తుంది? ఈ తేడా తెలియకుండా దుకాణానికి వెళ్లకూడదు.

ఒక కారు పందెం ఆట తీసుకుందాం. మనం స్టీరింగు తిప్పితే కారు ఎటు పోవాలి, ఎదుటి కారు ఏం చేయాలి, గోడకు తగిలితే ఎంత వేగం తగ్గాలి అనే లెక్కలన్నీ ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్క తేలాక రోడ్డు, ఆకాశం, కారు అద్దం మీద మెరుపు, వాన చినుకులు అన్నిటినీ చుక్క చుక్కగా రంగులు వేసి తెర మీద పెట్టేది గ్రాఫిక్స్ కార్డు.

గణతంత్ర దినోత్సవం నాడు మైదానంలో వందల మంది పిల్లలు రంగు అట్టలు పైకెత్తి జాతీయ జెండా బొమ్మ చూపించడం గుర్తుందా? ఒక్కో పిల్లవాడి పని చాలా చిన్నది. అందరూ ఒకేసారి చేయడం వల్ల పెద్ద బొమ్మ వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు అచ్చం అలాగే పని చేస్తుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 కార్డులో అలాంటి చిన్న పనివాళ్లు 3,072 మంది. వాటిని కోర్లు అంటారు. ప్రాసెసర్‌లో మాత్రం ఆరో ఎనిమిదో కోర్లు ఉంటాయి. వాళ్లు అట్టలు పట్టుకునే పిల్లలు కాదు, చేతిలో విజిల్ పట్టుకుని ఎప్పుడు ఏ అట్ట ఎత్తాలో చెప్పే పీఈటీ మాస్టార్లు.

మాస్టారు చురుగ్గా చెప్పకపోతే పిల్లలు ఖాళీగా నిలబడతారు. పిల్లలు తక్కువైతే మాస్టారు ఎంత చురుగ్గా చెప్పినా బొమ్మ నిండదు. జోడెడ్ల బండికి ఒక వైపు బలమైన ఎద్దును, మరో వైపు బక్కెద్దును కట్టినా ఇదే కథ. బండి బక్కెద్దు నడకే నడుస్తుంది. బలమైన ఎద్దుకు పెట్టిన దాణా దండగ. కాబట్టి డబ్బంతా ఒక్క భాగం మీద కుమ్మరించకుండా జోడీ కుదర్చడమే నేర్పు.

ఏ ఆటకు ఏది ముఖ్యమో కూడా చూసుకోవాలి. మైన్‌క్రాఫ్ట్‌కు ప్రాసెసర్ చురుకుదనం ఎక్కువ అవసరం. ఫోర్జా హొరైజన్ 5 లాంటి ఆట అందమంతా గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడుతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ రెండిటినీ గట్టిగానే పరీక్షిస్తుంది. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లలో చదివే మన మిత్రులకు ఇది బాగా తెలుసు.

మధ్యస్థ బడ్జెట్‌లో ప్రాసెసర్లకు ఉదాహరణగా మూడు పేర్లు చూద్దాం: ఏఎండీ రైజెన్ 5 5600, రైజెన్ 5 7600, ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్. మూడింటిలోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. వీటికి జోడీగా ఆర్‌టీఎక్స్ 4060, లేదా ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 7600, లేదా ఆర్‌ఎక్స్ 6600 స్థాయి కార్డు సరిపోతుంది. ఈ పేర్లు కాలంతో మారిపోతాయి. జోడీ సూత్రం మారదు.

ఇక్కడ బదిలీ ఇళ్లవాళ్లు గమనించాల్సిన చిన్న అక్షరం ఒకటుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5 5600లో కూడా ఉండవు. రైజెన్ 5 7600లో మాత్రం చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నాయి. వాటితో పెద్ద ఆటలు ఆడలేం. కానీ గ్రాఫిక్స్ కార్డు పాడై సర్వీసు కోసం వేరే ఊరికి పంపాల్సి వస్తే, ఆ రెండు మూడు వారాలు కంప్యూటర్ తెర వెలుగుతుంది. ప్రాజెక్టు పని ఆగదు. పైథాన్ ప్రోగ్రాములు రాసుకోవచ్చు. సర్వీసు సెంటరు లేని చిన్న ఊరికి బదిలీ అయితే ఈ చిన్న సదుపాయం విలువేమిటో అప్పుడు తెలుస్తుంది.

మదర్‌బోర్డు: పునాది

ఇంట్లో రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పునాది మార్చలేం. కంప్యూటర్‌కు పునాది మదర్‌బోర్డు. దాని మీద ప్రాసెసర్ కూర్చునే చతురస్రాన్ని సాకెట్ అంటారు. ఏ సాకెట్లో ఆ ప్రాసెసరే కూర్చుంటుంది.

కొన్ని సాకెట్లకు ఆయుష్షు ఎక్కువ. 2017లో వచ్చిన మొదటి రైజెన్ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ కోసం 2024 జనవరిలో కూడా ఒక కొత్త ప్రాసెసర్ విడుదలైంది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు పనికొచ్చింది. ఆ తర్వాతి తరానికి సాకెట్ మారింది. ఎక్కువ కాలం నడిచే సాకెట్ కొంటే పదో తరగతిలో కొన్న బోర్డులో ఇంజినీరింగ్ నాటికి కొత్త ప్రాసెసర్ పెట్టుకునే వీలుంటుంది.

రెండోది బోర్డు కొలత. ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణాన్ని ఇంటెల్ 1995లో తెచ్చింది. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ 244 × 244. మినీ ఐటీఎక్స్ 170 × 170. మన అవసరానికి మైక్రో ఏటీఎక్స్ అన్నివిధాలా మంచిది. ధర అందుబాటులో ఉంటుంది, క్యాబినెట్ చిన్నదవుతుంది, లారీలో తక్కువ చోటు పడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇవన్నీ అందరూ పాటించే కొలతలు. కొన్ని రెడీమేడ్ కంప్యూటర్లలో బోర్డు, పవర్ సప్లై ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. అవి పాడైతే అదే కంపెనీ గడప తొక్కాలి. ప్రమాణ కొలతల్లో కొన్నది ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో పాడైనా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనో దానికి సరిపడే భాగం దొరుకుతుంది.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: చదువు బల్ల, పుస్తకాల బీరువా

ర్యామ్ మన చదువు బల్ల లాంటిది. ఇప్పుడు చదువుతున్న పుస్తకాలే దాని మీద ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ పుస్తకాల బీరువా. అన్నీ అక్కడే భద్రంగా ఉంటాయి. బల్ల చిన్నదైతే మాటిమాటికీ బీరువా దగ్గరికి లేవాలి. ఆటలో మధ్యమధ్య బొమ్మ తడబడటానికి ఇదొక కారణం.

ఇప్పటి ఆటలకు 16 జీబీ ర్యామ్ తీసుకోవడం మంచిది. అయితే 16 జీబీ కడ్డీ ఒకటి కాకుండా 8 జీబీ కడ్డీలు రెండు తీసుకుంటే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. డీడీఆర్4-3200 రకం ఒక్క కడ్డీ సెకనుకు 25.6 జీబీ ఇవ్వగలదు. రెండు కడ్డీలైతే 51.2 జీబీ. ఇంకో చిట్కా: కడ్డీల మీద రాసి ఉన్న పూర్తి వేగం దానంతట అది రాదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే అమరికను ఆన్ చేయాలి. చాలా ఇళ్లలో ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల డబ్బిచ్చి కొన్న వేగం నిద్రపోతూ ఉంటుంది. బోర్డుకు తగ్గ రకమే కొనాలన్నది కూడా మరవొద్దు. ఏఎం4 బోర్డులో డీడీఆర్4, ఏఎం5లో డీడీఆర్5 మాత్రమే కూర్చుంటాయి.

నిల్వ విషయానికొస్తే, పాత రకం హార్డ్ డిస్క్‌లో పళ్లెం గిరగిరా తిరుగుతుంది. తిరుగుతున్నప్పుడు గట్టిగా కుదిపితే దెబ్బతింటుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు. ప్రయాణాల ఇంటికి ఎస్‌ఎస్‌డీయే సరైనది. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. మూడో తరం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు 3,500 ఎంబీ దాకా చదవగలవు. ఫోర్జా హొరైజన్ 5 ఒక్కదానికే 110 జీబీ కావాలి. 2020 నాటి ఫ్లైట్ సిమ్యులేటర్‌కు 150 జీబీ. అందుకే 500 జీబీ ఇరుకు, 1 టీబీ హాయి. 1 టీబీ కొన్నా విండోస్‌లో 931 జీబీ అనే కనిపిస్తుంది. మోసమేమీ జరగలేదు. కంపెనీ వెయ్యితో భాగించి లెక్కపెడుతుంది, విండోస్ 1,024తో భాగిస్తుంది. అంతే తేడా.

ఎస్‌ఎంపీఎస్: ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం

పవర్ సప్లైని మన దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటర్‌కు కావలసిన చిన్న వోల్టేజీల్లోకి మార్చేది ఇదే. బొమ్మ వేయదు, లైట్లు వెలిగించదు, స్నేహితులకు చూపించుకోవడానికి పనికిరాదు. కాబట్టి కోత పడేది ఎప్పుడూ దీనికే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలితే ఒంటరిగా పోదు, పక్కనున్న బోర్డునో కార్డునో వెంట తీసుకుపోవచ్చు.

ఒక లెక్క చేద్దాం. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసుకుంటుంది. రైజెన్ 5 7600 గట్టిగా పని చేసేటప్పుడు 88 వాట్ల దాకా వాడుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఉదారంగా 65 వాట్లు వేసుకుందాం. మొత్తం 268. సగం బరువుతో సాఫీగా నడిచేలా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే చాలు. ఎన్‌విడియా కూడా ఈ కార్డుకు 550 వాట్లే సూచించింది. 850 వాట్లది అవసరం లేదు.

డబ్బా మీద '80 ప్లస్' గుర్తు చూడాలి. గోడలోంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం కంప్యూటర్‌కు అందిస్తుందని, మిగిలింది వేడిగా పోతుందని దాని అర్థం. 80 ప్లస్ బ్రాంజ్ రకం సగం బరువు దగ్గర సుమారు 85 శాతం అందిస్తుంది. 268ని 0.85తో భాగిస్తే 315 వాట్లు. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 60 గంటలు ఆడితే దాదాపు 19 యూనిట్లు. అమ్మానాన్నలు కరెంటు బిల్లు గురించి అడిగితే ఈ జవాబు మన దగ్గర సిద్ధంగా ఉండాలి.

కొత్త క్వార్టర్‌లోకి దిగినప్పుడు ముందుగా ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. మూడో పిన్ను అలంకారానికి పెట్టింది కాదు. కరెంటు తరచూ పోయే ఊరైతే యూపీఎస్ కావాలి. 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్లు అనుకోకూడదు. సాధారణంగా అది మోసేది 360 వాట్లే. తెరతో కలిపి మన కంప్యూటర్ దాదాపు ఆ అంచుకే చేరుతుంది కాబట్టి 1000 వీఏది నిశ్చింత.

క్యాబినెట్: గాలి ముఖ్యం, గాజు కాదు

ఇప్పటి క్యాబినెట్లకు పక్కన గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు వస్తున్నాయి. చూడముచ్చటగానే ఉంటాయి. కాని ఎస్‌ఎంపీఎస్‌లో తగ్గించి ఆ డబ్బును లైట్ల మీద పెట్టేవాళ్లను చూసే మన పెద్దలు అన్నారేమో, మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అని. ముందు వైపు జాలీ, దాని వెనక రెండు ఫ్యాన్లు, వెనక వైపు వేడిగాలిని బయటికి తోసే ఫ్యాన్ ఒకటి, తీసి కడుక్కోగలిగే దుమ్ము వడపోత. ఇవి ఉంటే చాలు. రాజస్థాన్‌లో ఉన్నవాళ్లు వడపోతను వారానికోసారి దులపాలి. సముద్రతీరంలో ఉన్నవాళ్లు కంప్యూటర్‌ను కిటికీ పక్కన పెట్టకూడదు. ఉప్పు తేమ లోహాన్ని తినేస్తుంది. గాజు పలక ఉన్న క్యాబినెట్టే కొంటే, బదిలీ రోజున ఆ పలకను విప్పి వేరుగా పరుపుల మధ్య పెట్టుకోవాలని గుర్తుంచుకోవాలి.

వంద రూపాయల లెక్క

ధరలు వారం వారం మారుతుంటాయి. కాబట్టి ధరలు కాకుండా వాటాలు నేర్చుకుందాం. తెర, కీబోర్డు, మౌస్, యూపీఎస్, విండోస్ ఖర్చు పక్కన పెట్టి, డబ్బాలోని భాగాలకు వంద రూపాయలు ఉన్నాయనుకుంటే:

గ్రాఫిక్స్ కార్డు: 38
ప్రాసెసర్: 18
మదర్‌బోర్డు: 13
ర్యామ్: 9
ఎస్‌ఎస్‌డీ: 8
ఎస్‌ఎంపీఎస్: 8
క్యాబినెట్: 6

60,000 రూపాయల బడ్జెట్‌కు ఈ లెక్కన కార్డుకు 22,800, ప్రాసెసర్‌కు 10,800, బోర్డుకు 7,800, ర్యామ్‌కు 5,400, ఎస్‌ఎస్‌డీకి 4,800, ఎస్‌ఎంపీఎస్‌కు 4,800, క్యాబినెట్‌కు 3,600. ఇది శిలాశాసనం కాదు. ర్యామ్ ధరలు పెరిగిన కాలంలో దాని వాటా పెరుగుతుంది, అప్పుడు కార్డును ఒక మెట్టు దించుకోవాలి. కాని ఎస్‌ఎంపీఎస్ వాటాలోంచి మాత్రం రూపాయి తీయకూడదు.

డబ్బు చాలకపోతే ఏం చేయాలి? తర్వాత మార్చడం కష్టమైనవి ముందు మంచివి కొనాలి. తర్వాత సులువుగా మార్చుకోగలిగేవి ఇప్పటికి చిన్నవి కొనాలి. బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మొదటి రకం. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు రెండో రకం. రైజెన్ 5 7600 లాంటి సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, కార్డును ఆరు నెలల తర్వాత కొనుక్కున్నా కంప్యూటర్ ఆ ఆరు నెలలూ పని చేస్తూనే ఉంటుంది.

బిల్లు కూడా ఒక భాగమే

ఏడు భాగాలని చెప్పుకున్నాం. ఎనిమిదోది బిల్లు. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోకూడదు. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోవాలి. వారంటీ దేశమంతటా చెల్లుతుందా, అమ్మిన దుకాణం వరకేనా అని అడిగి తెలుసుకోవాలి. కొనే ముందే ఆ కంపెనీకి ఏయే ఊళ్లలో సర్వీసు సెంటర్లు ఉన్నాయో చూసుకోవాలి. కొన్ని బిల్లులు వేడికి అక్షరాలు తేలే కాగితం మీద అచ్చవుతాయి. ఏడాది తిరిగేసరికి ఆ అక్షరాలు మాయమవుతాయి. అందుకని ఇంటికి రాగానే ఫోటో తీసి అమ్మకో నాన్నకో మెయిల్ చేయాలి. మూడేళ్ల వారంటీ ఉన్న కార్డుకు కూడా బిల్లు పోతే దిక్కుండదు.

లారీ ఎక్కే రోజు

బదిలీ ఉత్తర్వు వచ్చాక చేయాల్సిన పనులు వరసగా చెప్పుకుందాం.

1. ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ డ్రైవ్‌ను చేతిసంచీలో పెట్టుకోవాలి. లారీలో వేయకూడదు.

2. ప్లగ్గు తీసి, క్యాబినెట్ తెరిచి, ఏ తీగ ఎక్కడ ఉందో ఫోటోలు తీయాలి. ముఖ్యంగా పవర్ బటన్ నుంచి బోర్డుకు వచ్చే సన్నని తీగలు.

3. గ్రాఫిక్స్ కార్డును తప్పకుండా విప్పాలి. గతుకుల రోడ్డు మీద దాని బరువంతా బోర్డు మీది చిన్న స్లాటు మీద పడుతుంది. విప్పేముందు లోహపు వస్తువును తాకితే ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోతుంది. కార్డు కొన్నప్పుడు వచ్చిన సంచీలో, అదే డబ్బాలో పెట్టాలి. అందుకే ఖాళీ డబ్బాలను దీపావళి శుభ్రతలో పారేయకూడదు.

4. ప్రాసెసర్ మీద బరువైన, ఎత్తైన కూలర్ ఉంటే దాన్నీ విప్పాలి. మళ్లీ బిగించేటప్పుడు కొత్త థర్మల్ పేస్ట్ రాయాలి.

5. మరలన్నీ ఒక చిన్న డబ్బాలో వేసి పేరు రాయాలి.

6. కొత్త ఊళ్లో సామాను దిగగానే ఆన్ చేయకూడదు. చలి లారీలోంచి వెచ్చని గదిలోకి వచ్చిన లోహం మీద, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టే, నీటి చుక్కలు పడతాయి. డబ్బా తెరవకుండా కొన్ని గంటలు అలాగే ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవాలి.

ఇంట్లో ఎలా అడగాలి?

"అందరి దగ్గరా ఉంది" అన్న మాట ఇంట్లో చెల్లదు. అమ్మానాన్నల ముందు ఒక కాగితం పెట్టాలి. దానిలో నాలుగు గళ్లు: భాగం పేరు, ధర, అదే ఎందుకు, తర్వాత కొనవచ్చా. కింద రెండు వాక్యాలు: చదువుకు దీన్ని ఎలా వాడతాం, రోజుకు ఎంతసేపు ఆడతాం. రాసింది పాటించాలి కూడా. ఈ కాగితం తయారు చేసేసరికి కంప్యూటర్ గురించి దుకాణదారు చెప్పేదానికంటే మనకే ఎక్కువ తెలిసిపోతుంది. కాగితం చూశాక కూడా ఇంట్లో "ఈ ఏడాది కుదరదు" అంటే, ఆ కాగితాన్ని దాచుకోవాలి. వచ్చే ఏడాది ధరల గడి ఒక్కటి మారిస్తే చాలు, మిగతా ఆలోచనంతా పనికొస్తుంది.

అభ్యాసం

1. 2560 × 1440 తెరలోని చుక్కలు ఫుల్ హెచ్‌డీ కంటే ఎన్ని రెట్లు? రెండు దశాంశ స్థానాల వరకు కనుక్కోండి.

2. 75,000 రూపాయల బడ్జెట్‌ను పై వాటాల ప్రకారం పంచండి. ర్యామ్ వాటా 14కు పెరిగితే ఏ భాగం తగ్గిస్తారు? ఎందుకు?

3. మీరు ఇప్పుడున్న ఊరి వాతావరణం ఎలాంటిది? మీ కంప్యూటర్‌కు అక్కడ ఏ జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం? ఐదు వాక్యాల్లో రాయండి.

4. 'ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం', 'మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె'. ఈ రెండు సామెతలను కంప్యూటర్‌తో సంబంధం లేని సందర్భాల్లో వాడి చూపండి.

5. బదిలీ అయి వెళ్లిపోయిన స్నేహితుడికో స్నేహితురాలికో ఉత్తరం రాయండి. వాళ్లు కంప్యూటర్ కొనాలనుకుంటున్నారు. ఈ పాఠంలోంచి మూడు సలహాలు మాత్రమే ఇవ్వాలి. ఏ మూడు ఇస్తారు?